తీసేసిన వరుస

ఒమాన్‌లో ఇరవై రెండేళ్ళు నర్సుగా పనిచేసి తిరిగి వచ్చాను. మా చర్చికి వచ్చే నర్సింగ్ పిల్లలు అప్పుడప్పుడూ నన్ను కూర్చోబెట్టి అక్కడి సంగతులు చెప్పమంటారు. కోవిడ్ రోజుల గురించి చెప్తాను. ఆ సంగతుల్లో నేను బాగానే కనిపిస్తాను. ఇప్పుడు రాసేది వాళ్ళకు ఎప్పుడూ చెప్పనిది. నర్సింగ్ చదివే మీలో చాలామందికి వార్డులో నిలబడే సమయం కంటే కంప్యూటర్ ముందు కూర్చునే సమయమే ఎక్కువ కాబోతోంది కనుక, ఇది మీకే ఎక్కువ అవసరం అనుకుంటున్నాను.

నేను చివరిగా పనిచేసింది రోడ్లూ, మురుగు కాలవల పనులూ చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో. ఆఫీసు మస్కట్‌లో, అజైబాలో ఉండేది. మనుషులుండే క్యాంపు ఖబూరా అనే ఊరు దాటాక, సముద్రానికి కాస్త ఎడంగా ఉండేది. మా క్లినిక్ అంటే రెండు గదుల రేకుల పోర్టా క్యాబిన్. ఒక గదిలో మంచం, ఈసీజీ మిషను, మందుల బీరువా. రెండో గదిలో నేను, నా కంప్యూటర్. డాక్టరుగారు బుధవారం మాత్రమే వచ్చేవారు. మిగతా రోజులు క్లినిక్ అంటే నేనే.

కోవిడ్ తగ్గాక రెండో ఏడు, వేసవి ఇంకా మొదలవకముందే క్యాంపులో ఇద్దరు నిద్రలోనే పోయారు. ఇద్దరూ యాభై దాటనివాళ్ళు. ఆఫీసులో కంగారు పుట్టింది. వెల్ఫేర్ ఆఫీసర్‌గా కొత్తగా చేరిన పుణే వైపు అతను, చురుకైనవాడు, మనసు కూడా మంచిదే, ఒక ఆలోచనతో వచ్చాడు. పనివాళ్ళందరి చేత రోజూ వ్యాయామం చేయించాలి. దానికి ముందు వాళ్ళకు ఎంత ఇష్టం ఉందో సర్వే చేయాలి. ఇంటర్నెట్‌లోంచి ఒక ప్రశ్నాపత్రం తీసుకొచ్చాడు. పంతొమ్మిది వాక్యాలు. ఒక్కోదాని పక్కన ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు. అస్సలు కాదంటే ఒకటి, పూర్తిగా నిజమంటే ఐదు.

ఇంగ్లీషులో ఉన్న దాన్ని హిందీలోకి అతను మార్చాడు. తెలుగులోకి నేను రాశాను. "వ్యాయామం చేస్తే నాకు హుషారుగా ఉంటుంది" అని ఒక వాక్యం. "చేయకపోతే తప్పు చేసినట్టు అనిపిస్తుంది" అని ఒకటి. "చేయకపోతే పైవాళ్ళు ఊరుకోరు" అని ఇంకొకటి. చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఒక సూచన ఉంది. ఇష్టంతో చేయడం గురించిన వాక్యాలు వేరు, భయంతోనో మొహమాటంతోనో చేయడం గురించినవి వేరు, ఈ రెండు గుంపుల సగటు విడివిడిగా తీయాలి, కలపకూడదు అని. అది చదివాను. చదివి వెల్ఫేర్ ఆఫీసర్‌కి చూపించాను కూడా.

"సిస్టర్, మేనేజ్‌మెంట్‌కి ఒకటే నంబర్ కావాలి. రెండు చెప్తే అర్థం ఏమిటని అడుగుతారు" అన్నాడు.

సరేనన్నాను. అలా అనడానికి నాకో కారణం ఉంది. సర్వే బాగా జరిగితే అజైబా ఆఫీసులో ఆరోగ్య రికార్డులు చూసే ఒక సీటు వేస్తారనీ, దానికి నా పేరు చెప్తాననీ అతను అన్నాడు. నాకప్పటికి మోకాళ్ళు అరిగిపోయాయి. క్యాంపు దుమ్ము, ఒంటరి గది, అక్కడ సెలవు రోజైన శుక్రవారం జరిగే చర్చి ఆరాధనకు వెళ్ళాలంటే రెండు గంటల ప్రయాణం, అన్నీ విసుగొచ్చి ఉన్నాయి. ఆ నంబరు మీద కంపెనీకి ఎంత ఆశ ఉందో నాకూ అంతే ఉంది.

ఒక శుక్రవారం పొద్దున మెస్ హాల్లో అందరినీ కూర్చోబెట్టి ఫారాలు పంచాం. క్యాంపు బాస్ టీ కప్పు పట్టుకుని గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకున్నాడు. చదవడం రానివాళ్ళకు ఫోర్‌మన్లు చదివి, వాళ్ళే టిక్కులు పెట్టారు. నేను ఇవన్నీ చూస్తూనే ఉన్నాను. గంటలో పని అయిపోయిందని సంతోషించాను.

ఎక్సెల్ నేను నలభై ఎనిమిదేళ్ళ వయసులో నేర్చుకున్నాను, మా ఆరాధనకు వచ్చే ఒక అకౌంటెంట్ అమ్మాయి దగ్గర. సగటు ఎలా తీయాలో, లెక్కలో ఎంతమంది ఉన్నారో ఎలా చూడాలో, అంకెలు సగటుకు ఎంత దూరం చెదిరి ఉన్నాయో ఎలా కనుక్కోవాలో నేర్పింది. ఆ వయసులో వచ్చిన విద్య మీద గర్వం కాస్త ఎక్కువే ఉంటుంది. నా షీట్లు చూసి డాక్టరుగారు కూడా మెచ్చుకునేవారు. మనిషికొక అడ్డ వరుస, ప్రశ్నకొక నిలువు వరుస. నాలుగు రోజుల్లో నూట నలభై మూడు ఫారాలు ఎక్కించాను.

సగటు ఐదుకు నాలుగు దాటింది. చెదరడం తక్కువే. దాదాపు అందరూ ఒకేలా చెప్పారు. నూట నలభై మంది మనుషులు పంతొమ్మిది విషయాల మీద ఒకేలా ఆలోచించరన్న సంగతి నాకు తట్టి ఉండాలి. ఫారాల్లో ముప్పావు వంతు పైగా, పైనుంచి కిందికి గీత గీసినట్టు ఐదులే. నేను మాత్రం ఎంత ఏకాభిప్రాయం అనుకున్నాను.

ఒక్క వరుసే ఇబ్బంది పెట్టింది. అన్ని గడులూ ఖాళీ. ఖాళీ వరుసకు సగటు తీయబోతే ఎక్సెల్ తప్పు చూపిస్తుంది. ఆ తప్పు కిందికి దిగి మొత్తం సగటును కూడా రానివ్వదు. ఆ ఫారం బయటికి తీశాను. అది తెలుగు ఫారం. టిక్కు ఒక్కటీ లేదు. అడుగున ఖాళీ జాగాలో బాల్ పెన్‌తో, బరువుగా ఒత్తి రాసిన ఒక లైను మాత్రం ఉంది.

"డ్యూటీ అయినంక నడిస్తె ఛాతిల బరువైతది, ఎడమ చెయ్యి గుంజుతది."

అతను నాకు తెలుసు. జగిత్యాల వైపు మనిషి, నలభై మూడేళ్ళు. కాంక్రీటుకు చెక్కలు కట్టే షటరింగ్ పని. బీపీ మాత్రల కోసం నెలకోసారి వచ్చేవాడు. మాట తక్కువ. మరుసటి రోజు పిలిపించాను.

"ఏం బాబూ, ఒక్కదానికీ టిక్కు పెట్టలేదేం?"

"ఏం పెట్టాలె అక్కా. ఇష్టమా అని అడిగిన్రు. పన్నెండు గంటలు చేసొచ్చినంక ఇంకేం ఇష్టముంటది. అబద్ధం ఎందుకని ఇడిసిపెట్టిన."

"మరి కింద రాశావే, అది ఎన్నాళ్ళ నుంచి?"

"నెల దాటింది. కూసుంటె తగ్గుతది. ఏమో, గ్యాస్ కావచ్చు."

మంచం మీద పడుకోబెట్టి ఈసీజీ తీశాను. గీతలు బాగానే వచ్చాయి. కదలకుండా పడుకున్న మనిషికి ఈసీజీ మామూలుగా ఉండవచ్చనీ, నడిచినప్పుడు వచ్చే నొప్పిని అది పట్టకపోవచ్చనీ నర్సింగ్‌లోనే చదువుకున్నాను. బుధవారం డాక్టరుగారిని కలవమని చెప్పాను. తల ఊపి వెళ్ళాడు. ఆ బుధవారం సైట్‌లో కాంక్రీటు పోస్తున్నారు, అతను రాలేదు. కబురు చేద్దామనుకున్నాను. చేయలేదు. చేయకపోవడానికి కారణం ఏమీ లేదు. మరిచిపోయానని కూడా చెప్పలేను, సాయంత్రం గుర్తొచ్చింది, వచ్చే వారం చూడొచ్చులే అనుకున్నాను.

షీటులో ఆ వరుస మీద కుడి క్లిక్ కొట్టి తీసేశాను. కింద సగటు వెంటనే వచ్చింది. ఆ సగటుతో గీసిన గ్రాఫు బొమ్మకు ఆకుపచ్చ రంగు వేశాను.

ఆ తర్వాతి వారం అజైబాలో మీటింగ్. నన్నూ రమ్మన్నారు. పెద్ద తెర మీద నా ఆకుపచ్చ బొమ్మ వేసి వెల్ఫేర్ ఆఫీసర్ పావుగంట మాట్లాడాడు. జనరల్ మేనేజర్ మధ్యలో ఆపి నన్ను అడిగాడు.

"సిస్టర్, మామూలు మాటల్లో చెప్పండి. వాళ్ళు రెడీగా ఉన్నట్టేనా?"

"రెడీగా ఉన్నారు సర్."

బల్లకు అటు చివర కంపెనీ సేఫ్టీ ఆఫీసర్ కూర్చుని ఉన్నాడు. సమాయిల్ నుంచి వచ్చిన ఒమానీ, వయసులో నాకంటే పెద్ద. పనివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ హిందీ వంటబట్టించుకున్నాడు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని తెరను చాలాసేపు చూశాడు.

"ఫారాలు నూట నలభై మూడని మొదట చెప్పారు. బొమ్మ కింద నూట నలభై రెండని ఉంది. ఒక మనిషి ఎక్కడ?"

గదిలో అందరూ నావైపు తిరిగారు.

"ఒక ఫారం పూర్తి చేయలేదు సర్. అందుకని తీసేశాం."

"ఎందుకు పూర్తి చేయలేదు?"

"తెలియదు సర్."

ఆయన ఇంకేదో అడగబోయాడు. జనరల్ మేనేజర్ గడియారం చూసుకుని, ఒక్క ఫారం కోసం ఆగక్కర్లేదన్నాడు. ఐదు నిమిషాల్లో నిర్ణయం అయిపోయింది. రోజూ డ్యూటీ అయ్యాక క్యాంపు కంచె చుట్టూ ఐదు రౌండ్ల నడక. గేటు దగ్గర హాజరు. వరుసగా రెండు రోజులు రానివాళ్ళ పేర్లు సైట్ ఇంజనీరుకు పంపాలి. వాళ్ళు ఇష్టపడే చేస్తారని తేలింది కనుక, హాజరు పెట్టడంలో తప్పేమీ కనిపించలేదు ఎవరికీ.

ఆ తీరంలో ఎండాకాలం సాయంత్రాలు ఎలా ఉంటాయో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. పొద్దు వాలాక ఎండ పోతుంది గానీ ఉక్క పోదు. చొక్కా పిండితే నీళ్ళు కారుతాయి. పనివాళ్ళు బస్సు దిగి, హెల్మెట్లు గోడకు పెట్టి, అలాగే కంచె వెంట నడవడం మొదలుపెట్టేవారు. మాటలుండేవి కావు. బూట్ల చప్పుడు వినిపించేది.

మొదటి రోజే అతను కనిపించాడు. గుంపుకు వెనక, ఒక్కడే వస్తున్నాడు. గుమ్మంలోకి వచ్చి అడిగాను.

"ఎలా ఉంది ఇప్పుడు?"

"మెల్లగ నడుస్తున్న అక్కా."

"కష్టంగా ఉంటే ఆగిపో. బుధవారం తప్పకుండా రా."

"ఆగితె పేరు రాస్తరు గదా" అన్నాడు మామూలుగా, నడుస్తూనే.

నా బల్ల సొరుగులో చీటీల పుస్తకం ఉంది. "ఇతనికి నడక వద్దు" అని రెండు మాటలు రాసి సంతకం పెట్టే అధికారం నాకు ఉంది. జ్వరమని ఎంతమందికో రాసిచ్చాను. అతనికి రాయలేదు. ఇప్పటికీ ఎందుకని నన్ను నేను ప్రశ్నించుకుంటే దొరికే జవాబు ఒక్కటే. రాస్తే, ఎందుకు వద్దన్నావని అడుగుతారు. ఎప్పటి నుంచి తెలుసని అడుగుతారు. తీసేసిన వరుస బయటపడుతుంది.

అతను పడిపోయింది ఆ బుధవారానికి ముందు రోజు, మంగళవారం, మూడో రౌండ్‌లో. ఎవరో వచ్చి తలుపు బాదారు. నేను వెళ్ళేసరికి కంచె పక్కన కంకర మీద వెల్లకిలా ఉన్నాడు. మోకాళ్ళ మీద కూలబడి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. ఇద్దరు పనివాళ్ళకు ఎలా నొక్కాలో చూపించి, వంతులు మార్చుకుంటూ, అంబులెన్స్ వచ్చేదాకా ఆపలేదు. మిగతావాళ్ళు చుట్టూ నిలబడ్డారు. హాజరు పుస్తకం పట్టుకున్నతను కూడా ఆ పుస్తకంతోనే అక్కడ నిలబడ్డాడు. ఆసుపత్రికి చేరకముందే పోయాడని గంట తర్వాత ఫోన్ వచ్చింది.

మర్నాడు పొద్దున అతని రూమ్‌మేట్ క్లినిక్‌కి వచ్చాడు. రూమ్‌మేట్‌ది వాళ్ళ పక్క ఊరే, వయసులో పెద్దవాడు. చేతిలో ఫోన్ ఉంది, లైన్‌లో చనిపోయినతని భార్య.

"మీతోటి మాట్లాడుతదట అక్కా."

ఫోన్ తీసుకున్నాను. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. నింపాదిగానే అడిగింది.

"అక్కా, మీ దగ్గరికి గోలీలకు వస్తుండె గదా. ఛాతిల నొస్తుందని మీకేమన్న చెప్పిండా?"

అతని ఫారం నా బల్ల మీదే ఉంది.

"లేదమ్మా. నాకేం చెప్పలేదు" అన్నాను.

"చెప్పలేదా" అంది. "మంచిది అక్కా" అని పెట్టేసింది.

ఫోన్ తిరిగిచ్చాను. రూమ్‌మేట్ దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళిపోకుండా నిలబడ్డాడు. నా మొహం చూడకుండా గోడకున్న బీపీ చార్టు చూస్తూ అన్నాడు.

"మీకు రాసిచ్చిండు గదక్కా. ఆ పొద్దు రూముల చెప్పిండు నాకు. అక్కకు తెలుగొస్తది, రాసిచ్చిన, అక్క సూసుకుంటది అన్నడు."



"ఆమెకు చెప్పనులే. చెప్తె మాత్రం ఏమొస్తది ఇప్పుడు" అన్నాడు. అది నా మీద జాలితో అన్నాడో, అసహ్యంతో అన్నాడో నాకు తెలియలేదు. డ్యూటీ బస్సు హారన్ వేసింది, వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఫారాలు మళ్ళీ ముందేసుకున్నాను. ఈసారి సూచనలో ఉన్నట్టే చేశాను. ఇష్టం వాక్యాలు ఒకవైపు, భయం వాక్యాలు ఒకవైపు. పైనుంచి కిందికి ఒకే అంకె ఉన్న ఫారాలు పక్కన పెట్టాను, అవి ఫోర్‌మన్లు పెట్టిన టిక్కులు. మిగిలినవాళ్ళలో ఇష్టం సగటు రెండుకు కూడా రాలేదు. భయం సగటు ఐదుకు ఆనుకుని ఉంది. మొదటిసారి నేను ఈ రెండూ కలిపి, వాళ్ళ భయాన్నే ఉత్సాహంగా లెక్కగట్టి తెర మీద చూపించాను. అరగంట పని ఇది.

వెల్ఫేర్ ఆఫీసర్‌కి చూపించాను. అతను అప్పటికే సరిగ్గా నిద్రపోవడం లేదని మొహం చూస్తే తెలుస్తోంది. "ఇప్పుడెందుకు సిస్టర్ ఇది. నడక ఆపేశారు. ఖలాస్" అన్నాడు. మంచివాళ్ళు కూడా ఒక్కోసారి అంతవరకే ఉంటారు. నేనూ అంతే కదా.

సేఫ్టీ ఆఫీసర్ విచారణకు క్యాంపుకు వచ్చాడు. రెండు షీట్లూ ఆయన ముందు పెట్టాను. ఆ ఫారం కూడా పెట్టాను. తెలుగు లైనును హిందీలో చెప్పమన్నాడు. చెప్పాను. మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. తన నోటుబుక్కులో అరబ్బీలో రాసుకున్నాడు.

"ఈ మనిషేనా, మీటింగ్‌లో నేను అడిగిన మనిషి?"

"అవును సర్."

"వరుస తీసింది ఎవరు?"

"నేనే."

"ఇది అప్పటికే చదివారా?"

"చదివాను సర్."

ఆయన కలం ఆపి నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. "ఇది కూడా రాయాలి సిస్టర్" అని మాత్రం అన్నాడు. రాశాడు. ఫారాన్ని కవర్లో పెట్టుకుని తీసుకెళ్ళాడు.

ఆ రిపోర్టు అజైబా వెళ్ళింది. ఏమైందో నాకు చెప్పలేదు. ఆరోగ్య రికార్డుల సీటు వేయలేదు. నాకొక వార్నింగ్ లెటర్ ఇచ్చారు, అందులో "రికార్డుల నిర్వహణలో లోపం" అని ఉంది. మనిషి ప్రస్తావన లేదు. అక్కడే ఇంకో ఏడాది పైగా పనిచేశాను. పనివాళ్ళు నా దగ్గరికి మాత్రల కోసం వస్తూనే ఉన్నారు. తెలంగాణ మనుషులు ఇద్దరు ముగ్గురు మాత్రం బుధవారం డాక్టరు ఉన్నప్పుడే వచ్చేవారు. నాతో ఏమీ చెప్పేవారు కారు.

మీరు షీటు ముందు కూర్చున్నప్పుడు ఖాళీ గడి కనిపిస్తే, అది ఎవరిదో చూడండి. అందరూ ఒకేలా జవాబు చెప్తే, అప్పుడు ఆ గదిలో ఎవరెవరున్నారో అడగండి. నాకు చేతనైన సలహా ఇంతే. ఇది నేను చెప్తుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇంటికొచ్చేశాక, పోయినేడు ఆ రూమ్‌మేట్‌కి ఫోన్ చేశాను. అతనూ ఊరికి వచ్చేశాడు. ఎందుకని అడగకుండా చనిపోయినతని భార్య నంబరు ఇచ్చాడు. రెండు వారాలు ఆ నంబరు పెట్టుకుని తిరిగాను. చివరకు ఒక మధ్యాహ్నం చేశాను. బీడీలు చుడుతున్నానంటూ ఆమె ఎత్తింది. నేనెవరో చెప్తే గుర్తుపట్టింది. అన్నీ చెప్పాను. ఫారం సంగతి, ఈసీజీ సంగతి, రాయని చీటీ సంగతి, ఆ రోజు ఫోన్‌లో నేను ఆడిన అబద్ధం. క్షమించమని అడుగుదామని చేశాను. కానీ ఆ మాట దాకా రాలేదు.

ఆమె చివరిదాకా విన్నది. తర్వాత అంది.

"నాకు గూడ చెప్పిండు అక్కా. పోయే ముందు వారం ఫోన్‌ల చెప్పిండు, చెయ్యి గుంజుతుందని. పని ఎక్కువై ఉంటది, తగ్గుతదిలే, ఇప్పుడు రాకు, పిల్ల చదువు అయిపోనీ అన్న. నేనే అన్న."

"అమ్మా..."

"మీకు చెప్పలేదన్నరు గదా. నర్సమ్మకు గూడ చెప్పలే, నా ఒక్కదానికే చెప్పిండు, నేనే వద్దన్న అనుకున్న. మా అత్తకు చెప్పలే. నా బిడ్డకు చెప్పలే. ఇన్నేండ్లు ఎవ్వలకు చెప్పలే."

నేను అబద్ధం ఆడింది నన్ను కాపాడుకోవడానికి. అది ఇంత దూరం వచ్చి ఈమె ఇంట్లో ఇన్నేళ్ళు కూర్చుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఆ పొద్దే అవునని ఉంటె ఈ బరువంత నా ఒక్కదాని మీద పడకపోతుండె గదక్కా" అంది. తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. కార్ఖానాకు బీడీలు ఇచ్చే టైం అయిందని చెప్పి పెట్టేసింది.

తర్వాత నేను చేయలేదు. ఆమె కూడా చేయలేదు.